డ్యూటీ దిగాక ఒకే గిన్నె

దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఏ కోల్డ్ స్టోర్‌కు వెళ్లి చూసినా సరుకుకు దక్కే మర్యాద కనిపిస్తుంది. రీఫర్ కంటైనర్ తలుపు తెరిచినప్పటి నుంచే లెక్క మొదలు. లోపల మైనస్ 18 డిగ్రీలు ఉందా లేదా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఏ ర్యాకులో పెట్టాలి, ముందు ఏ పాలెట్ బయటికి వెళ్లాలి, అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం నింపే మనిషి జగిత్యాల నుంచి వచ్చి ఉండొచ్చు, నిజామాబాద్ నుంచో కడప నుంచో వచ్చి ఉండొచ్చు. డ్యూటీ దిగి బస్సెక్కి రూముకు చేరాక అతను ఏం తినాలో మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. చేతికి ఏది అందితే అదే భోజనం. ఒకరోజు ప్యాకెట్ నూడుల్స్, ఇంకోరోజు రెండు కుబ్బూసు రొట్టెలు, మరో రోజు బిస్కెట్లు, కోలా.

ఈ అధ్యాయంలో మీకు చెప్పదలచింది ఒక్కటే. కంపెనీ సరుకు మీద రోజంతా చూపించే శ్రద్ధలో పదో వంతు మీ పళ్లెం మీద పెట్టండి. అందుకు పెద్ద వంటగాడు కానక్కర్లేదు. ఒక్క వంటకం చేతికి వస్తే చాలు. ఆ ఒక్కటీ ఇక్కడ నేర్చుకుందాం. ఖీమా, మాకరోనీ, టమాటా కలిపి ఒకే గిన్నెలో వండే గౌలాష్ అది. నలుగురికి కడుపునిండా వస్తుంది. ఖీమా రకాన్ని బట్టి పొయ్యి మీద పని ముప్పావు గంట నుంచి గంట.

అలసట రాకముందే నిర్ణయం

మనలో చాలామందికి వంట రాక కాదు, పొయ్యి దగ్గర నిలబడి ఈ పూట ఏం చేద్దామని ఆలోచించే ఓపిక లేక వంట ఆగిపోతుంది. పన్నెండు గంటలు పనిచేసిన తల మంచి నిర్ణయం తీసుకోలేదు. కనుక ఆ భారాన్ని దాని మీద వేయకండి. వారంలో ఏ రాత్రి బాగా అలసిపోతారో మీకు ముందే తెలుసు. ఓవర్‌టైం పడే రోజు కావచ్చు, కంటైనర్లు ఎక్కువగా దిగే రోజు కావచ్చు. ఆ రాత్రికి ఏం వండాలో సెలవు రోజు పొద్దునే తేల్చేయండి. సరుకు తెచ్చి పెట్టండి. ఆ రాత్రి ఇక మీ చేతులు కదిలితే చాలు.

ఎండాకాలంలో ఇది మరీ అవసరం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది. ఆ విరామం ఉన్నా యార్డులో పనిచేసేవారి ఒంట్లో సాయంత్రానికి సత్తువ మిగలదు. రూముకు రాగానే ముందు నీళ్లు తాగండి, స్నానం చేయండి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి.

ఈ వంట ఎక్కడిది

హంగేరీ మైదానాల్లో పశువుల మందలు తోలుకుపోయే కాపరులు ఆరుబయట నిప్పు మీద ఇనుప కళాయి వేలాడదీసి మాంసం, ఉల్లిపాయ ఉడికించుకునేవారు. ఇల్లు వదిలి తిరిగే పనివాళ్ల తిండి అది. తర్వాత దానికి పాప్రికా అనే ఎర్ర మిరపపొడి తోడైంది. అమెరికా చేరాక మాంసం ముక్కల స్థానంలో ఖీమా వచ్చింది, మాకరోనీ వచ్చి కలిసింది. అక్కడి ఇళ్లలో, బడి క్యాంటీన్లలో తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి పెట్టే వంటకంగా స్థిరపడింది. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో చేసే ఖీమా మాకరోనీ తిన్నవాళ్లకు దీని రుచి కొత్తగా అనిపించదు.

మిరపకాయ కూడా మనలాగే దేశాలు తిరిగింది. అమెరికా ఖండం నుంచి బయలుదేరి పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది, తుర్కుల ద్వారా హంగేరీ చేరింది. అక్కడి సెగెద్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్-జార్జీ అనే శాస్త్రవేత్త పాప్రికా మిరప నుంచి పెద్ద మొత్తంలో విటమిన్ సి తీశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంగతి మన వంటకు పనికొస్తుంది. క్యాప్సికం అదే జాతి. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది. అందుకే క్యాప్సికంలో సగం ముందు వేసి, మిగతా సగం దించేముందు వేయమని కింద చెప్పాను.

ఖీమా ఎంచుకోవడం

1979లో మొదలైన జెబెల్ అలీ పోర్టు, దాన్ని ఆనుకుని 1985లో 19 కంపెనీలతో మొదలైన ఫ్రీ జోన్ ఈ ప్రాంతానికంతా సరుకు అందిస్తున్నాయి. ఫ్రోజెన్ మాంసం ఇక్కడికి బ్రెజిల్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, మన దేశం నుంచి వస్తుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు దగ్గర రుద్రారంలో అల్ కబీర్ వారి మాంసం ఎగుమతి కర్మాగారం సంగతి మెదక్ వైపు వారికి కొత్త కాదు. మన దేశం నుంచి ఆవు మాంసం ఎగుమతి చేయడం నిషేధం కాబట్టి అక్కడి నుంచి బీఫ్‌గా వచ్చేది గేదె మాంసమే. ప్యాకెట్ మీద ఏ దేశపు సరుకో, ఏ జంతువు మాంసమో, తయారైన తేదీ, గడువు తేదీ అన్నీ రాసి ఉంటాయి. గోడౌన్‌లో చదివినంత శ్రద్ధగా ఆ లేబుల్ చదవండి.

రూములో నలుగురుంటే నలుగురూ పెద్దకూర తినాలని లేదు. ముందే అడగండి. మొహమాటంతో తలూపారా, నిజంగానే సరే అన్నారా అనేది కూడా గమనించండి. ఒక్కరు తినకపోయినా నలుగురికీ మటన్ ఖీమానో చికెన్ ఖీమానో వండడం మంచి పద్ధతి. మాంసమే ముట్టని వారుంటే వేరే గిన్నె, వేరే గరిటె పెట్టి మీల్ మేకర్ రవ్వతో చేయండి. 150 గ్రాముల రవ్వను వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి గట్టిగా పిండితే అరకిలో ఖీమా స్థానంలో సరిపోతుంది. పక్కవాడి నమ్మకాన్ని గౌరవించని వంట ఎంత రుచిగా ఉన్నా ఆ రూముకు మేలు చేయదు.

కావలసినవి (నలుగురికి)

ఖీమా: 500 గ్రాములు
మాకరోనీ: 400 గ్రాముల ప్యాకెట్ ఒకటి
ఉల్లిపాయలు: పెద్దవి రెండు
వెల్లుల్లి: ఆరు రెబ్బలు
క్యాప్సికం: పెద్దది ఒకటి
టమాటా: 400 గ్రాముల డబ్బా ఒకటి, లేదా బాగా పండినవి ఐదు
టమాటా పేస్ట్: రెండు పెద్ద చెంచాలు
పాప్రికా లేదా కశ్మీరీ కారం: ఒక పెద్ద చెంచా
జీలకర్ర పొడి: ఒక టీ స్పూన్
మిరియాల పొడి: అర టీ స్పూన్
ఉప్పు: రెండు టీ స్పూన్లు, తర్వాత రుచి చూసి మరికొంత
నూనె: రెండు పెద్ద చెంచాలు
నీళ్లు: 900 మిల్లీలీటర్లు, పక్కన మరో గ్లాసు వేడినీళ్లు
కొత్తిమీర, నిమ్మకాయ

ఇంటి నుంచి తెచ్చుకున్న గుంటూరు కారమే ఉంటే ఒక టీ స్పూన్‌తో మొదలుపెట్టండి. పెద్ద చెంచా వేస్తే ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు.

ముందు రోజు రాత్రి

ఖీమా ప్యాకెట్‌ను ఫ్రీజర్ నుంచి తీసి, ఒక గిన్నెలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. గిన్నె లేకపోతే కారిన రక్తపునీరు కింద ఉన్న కూరగాయల్లో పడుతుంది. మర్నాటి సాయంత్రానికి మెత్తబడుతుంది.

మరిచిపోతే ఇంకో దారి ఉంది. ప్యాకెట్‌కు చిల్లు లేకుండా చూసుకుని చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. అరకిలో ప్యాకెట్ గంటలో విడిపోతుంది. అయితే ఇక్కడ ఎండాకాలంలో చల్లనీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. మేడ మీది ట్యాంకు రోజంతా కాగి ఉంటుంది మరి. ఆ నీళ్లలో ముంచితే ఖీమా పైన వెచ్చబడి లోపల గడ్డగా ఉంటుంది, ఆ వెచ్చదనంలో క్రిములు పెరుగుతాయి. ఐసు ముక్కలు వేసి చల్లబరిచాకే ముంచండి. ఇలా నీళ్లలో విడిపించిన ఖీమాను అప్పుడే వండేయాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. బల్ల మీద వదిలేసి డ్యూటీకి వెళ్లిపోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కంపెనీ పాలెట్‌ను అలా ఎండలో వదిలేస్తే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా?

పొయ్యి దగ్గర

లేబర్ క్యాంపు వంటగదిలో రాత్రి ఎనిమిది తర్వాత పొయ్యి దొరకడమే కష్టం. వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడకండి. ఆ సమయంలో రూములోనే ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యాప్సికం తరిగి, పొడులన్నీ ఒక చిన్న గిన్నెలో కలిపి పెట్టుకోండి. వంతు వచ్చేసరికి అన్నీ చేతి కింద ఉండాలి.

ఒకటి. వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. పలుచటి గిన్నెలో మాకరోనీ అడుగంటుతుంది. నూనె బాగా కాగాక ఖీమా వేసి పరచండి. ఖీమాను కడగకండి. కడిగితే నీళ్లు చింది సింకు చుట్టూ క్రిములు పడతాయి, మాంసం తడిసి వేగదు.

రెండు. వంట రుచంతా ఇక్కడే తేలుతుంది, కాబట్టి గిన్నె దగ్గరే ఉండండి. ఖీమా వేసిన రెండు నిమిషాలకు బూడిద రంగుకు మారి నీరు వదులుతుంది. గిన్నెలో బుడబుడమనే చప్పుడు వస్తుంది. చాలామంది ఉడికిపోయిందనుకుని ఇక్కడే టమాటా వేసేస్తారు. ఆగండి. ఆ నీరు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు, మాంసం ఉడుకుతుందే తప్ప వేగదు. నీరు ఇగిరాక చప్పుడు మారుతుంది. బుడబుడలు ఆగి చిటపటలు మొదలవుతాయి. గరిటెతో గీరితే అడుగున గోధుమరంగు పొర కనిపిస్తుంది, వాసన మారుతుంది. ఆ చిటపటల తర్వాత ఇంకో మూడు నాలుగు నిమిషాలు వేయించండి. ముద్దలుంటే గరిటె అంచుతో విడగొట్టండి.

మూడు. ఉల్లిపాయ, ఒక టీ స్పూన్ ఉప్పు వేయండి. ఉల్లిపాయ వదిలే తడికి అడుగు పొర ఊడి వస్తుంది, దాన్ని గీరి కలపండి. ఉల్లిపాయ మెత్తబడ్డాక వెల్లుల్లి, సగం క్యాప్సికం వేయండి.

నాలుగు. టమాటా పేస్ట్ వేసి, ఇటుక రంగు వచ్చేదాకా రెండు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోతుంది. ఇప్పుడు మంట తగ్గించి పాప్రికా, జీలకర్ర పొడి, మిరియాల పొడి వేసి అర నిమిషం కలపండి. పాప్రికాలో చక్కెర ఉంటుంది, మంట ఎక్కువైతే మాడి చేదెక్కుతుంది.

ఐదు. టమాటా, నీళ్లు, మిగిలిన ఉప్పు వేసి మరగనివ్వండి. ఖీమా రకాన్ని బట్టి ఇక్కడ సమయం మారుతుంది. గేదె ఖీమా, మటన్ ఖీమా అయితే మూతపెట్టి సన్నని మంట మీద ఇరవై నిమిషాలు. మెత్తటి బీఫ్ ఖీమాకు పది నిమిషాలు. చికెన్‌కు, మీల్ మేకర్‌కు ఐదు చాలు.

ఆరు. మంట పెంచి, మరుగుతుండగా మాకరోనీ వేయండి. అది మునిగేంత ద్రవం ఉండాలి. తగ్గితే పక్కన పెట్టిన వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే మరుగు ఆగిపోయి మాకరోనీ జిగురవుతుంది. మధ్యస్థ మంట మీద, రెండు నిమిషాలకోసారి అడుగు దాకా గరిటె పెట్టి కలుపుతూ పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందు ఒకటి కొరికి చూడండి. మధ్యలో కాస్త పలుకు ఉండగానే స్టవ్ ఆపండి.

ఏడు. మిగతా క్యాప్సికం వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. ఆ వేడికే మాకరోనీ పూర్తిగా మెత్తబడి రసం పీల్చుకుంటుంది. కొత్తిమీర చల్లి, నిమ్మరసం పిండి, ఉప్పు సరిచూడండి.

మాంసం రంగు మారినంత మాత్రాన ఉడికినట్టు కాదు. ఖీమా లోపల 71 డిగ్రీల, చికెన్ ఖీమా అయితే 74 డిగ్రీల వేడి తగలాలి. ఈ పద్ధతిలో వేగి, మరిగి, మళ్లీ మాకరోనీతో ఉడుకుతుంది కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు.

ఏదైనా తేడా వస్తే

పల్చగా ఉంటే మూత తీసి రెండు నిమిషాలు మరిగించండి. చల్లారుతుంటే ఎలాగూ చిక్కబడుతుంది. గట్టిగా ఉంటే వేడినీళ్లు కొద్దికొద్దిగా కలపండి. పులుపు ఎక్కువైతే అర టీ స్పూన్ చక్కెర వేయండి. కారం ఎక్కువైతే పళ్లెంలో పెరుగు వేసుకుని కలుపుకోండి. అడుగంటితే గీరకండి. పైభాగాన్ని వేరే గిన్నెలోకి వంచి, అడుగును వదిలేయండి.

నైట్ డ్యూటీ వారి వాటా

ఈ అధ్యాయంలో ఇంకేం మరిచిపోయినా ఇది మరవకండి. రూములో ఒకరు నైట్ డ్యూటీలో ఉంటే, గిన్నె దించగానే ముందు వారి వాటా తీయండి. అందరూ తిన్నాక మిగిలింది పెట్టడం వేరు, ముందు తీసి పెట్టడం వేరు. తెల్లవారుజామున వచ్చి డబ్బా మూత తీసిన మనిషికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కన్నవాళ్లకు, కట్టుకున్నవాళ్లకు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి, తన కోసం ఒకరు లెక్కేసి తీసిపెట్టారన్నది చిన్న విషయం కాదు. నలుగురు అపరిచితులున్న రూమును కుటుంబంగా మార్చేవి ఇలాంటి పనులే.

ఆ వాటాను వెడల్పాటి డబ్బాలో పలుచగా పరచండి, త్వరగా చల్లారుతుంది. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వంటగది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపే. డబ్బా మీద టేపు అంటించి పేరు, తేదీ రాయండి. మూడు రోజుల్లో తినేయాలి. ముందు వండింది ముందు బయటికి రావాలన్న గోడౌన్ సూత్రం ఫ్రిజ్‌కూ వర్తిస్తుంది. వేడిచేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లి, లోపలి దాకా పొగలు వచ్చేలా కాచండి.

కుటుంబంతో ఉన్నవారికి

డిస్కవరీ గార్డెన్స్ లాంటి చోట్ల కుటుంబంతో ఉంటూ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకూ ఈ గిన్నె పనికొస్తుంది. కారం సగం చేయండి. పిల్లల పళ్లెంలో కాస్త చీజ్ తురమండి. క్యారెట్ తురిమి ఉల్లిపాయతో పాటు వేస్తే రసంలో కలిసిపోతుంది. పదేళ్లు దాటిన పిల్లలకు మాకరోనీ కలిపే పని అప్పగించి పక్కనే ఉండండి. రేపు వాళ్లు చదువుకు ఊరు దాటినప్పుడు ఒక్క వంటైనా చేతిలో ఉంటుంది. వంట అమ్మాయి పని అనో, అబ్బాయికి ఎందుకు అనో ఆలోచించే అవసరం లేదు. ఆకలి ఇద్దరికీ ఒకటే.

ఒంటికి ఏం దక్కుతుంది, ఖర్చెంత

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 65 కిలోల మగవారికి రోజుకు 54 గ్రాముల ప్రోటీన్ కావాలి. పైన చెప్పిన గిన్నెను నాలుగు భాగాలు చేస్తే ఒక పళ్లెంలో ఖీమా నుంచి, మాకరోనీ నుంచి కలిపి సుమారు 35 గ్రాములు వస్తుంది. రోజు అవసరంలో సగానికి మించి ఒక్క పూటలోనే దక్కుతుంది. పక్కన కీరదోస, ఉల్లిపాయ ముక్కలు పెట్టుకోండి.

ఖర్చు మీరే లెక్కేయండి. సరుకు బిల్లును నాలుగుతో భాగించండి. పక్కన మీరు కెఫెటేరియాలో ఒక పూటకు ఇచ్చే దిర్హంలు రాయండి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద పడితే ఇంటికి ఎంత ఎక్కువ పంపగలరో ఎవరూ చెప్పనక్కర్లేదు.

రూము ఒప్పందం

కలిసి వండుకునే రూముల్లో గొడవలు ఎక్కువగా లెక్క రాయకపోవడం వల్ల వస్తాయి. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

వండినవారు గిన్నెలు కడగరు.
సరుకు ఎవరు కొన్నా బిల్లు ఆ రోజే పుస్తకంలో పడాలి.
తిన్నవారే పంచుకోవాలి, తినని రోజు లెక్కలో ఉండదు.
జీతం ఆలస్యమైనవారి వాటా వచ్చే నెలకు రాసుకోవాలి, నలుగురిలో అడగకూడదు.

ఈ వారం చేయాల్సినవి

1. వచ్చే వారంలో మీరు బాగా అలసిపోయే రాత్రి ఏదో గుర్తించి క్యాలెండర్‌లో సున్నా చుట్టండి.
2. రూములో ఎవరు ఏం తింటారో, ఏం తినరో అడిగి రాసుకోండి.
3. సెలవు రోజు సరుకు తెచ్చి, పొడులను నాలుగు సార్లకు సరిపడా కలిపి డబ్బాలో పోసి తేదీ రాయండి.
4. మొదటిసారి ఒక్కరే వండకండి. పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. రెండోసారి వారు వండుతారు, మీరు నిలబడండి.
5. మూడోసారికి ఈ పుస్తకం తెరవకుండా వండండి.

వంట వచ్చిన మనిషి ఒక్కరే ఉన్న రూములో ఆ మనిషి ఊరికి వెళ్లిన నెలంతా మిగతావాళ్లు పస్తులుంటారు. నలుగురికీ వచ్చిన రూములో ఎవరు సెలవు మీద వెళ్లినా పొయ్యి ఆగదు. కాబట్టి నేర్చుకోవడంతో సరిపెట్టకండి, ఇంకొకరికి నేర్పేదాకా ఈ అధ్యాయం పూర్తి కాలేదనే అనుకోండి. క్యాలెండర్‌లో సున్నా చుట్టిన రోజుకు ముందు రాత్రి, పడుకోబోయే ముందు, ఫ్రీజర్‌లోని ప్యాకెట్‌ను కింది అరలోకి దించండి. అక్కడితో సగం వంట అయినట్టే.